యాదవ్వ కట్టనియ్యని తప్పు

సిరిసిల్ల నేతవాడ మొదట్లో నిలబడి "యాదవ్వ ఇల్లెక్కడ?" అని అడిగితే, "ఏ యాదవ్వ? మాట పడని యాదవ్వనా?" అని ఎదురు ప్రశ్న వేసి మరీ దారి చూపిస్తారు. వాడ నిండా యాదవ్వలే మరి, గుర్తు కోసం ఏదో ఒకటి తగిలించక తప్పదు. ఇప్పుడు ఈ తొంభైల్లో ఆమెకు నలభై దాటాయి. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. బీడీలు చుట్టే వేళ్ళు వాటి పని అవి చూసుకుంటాయి, నోరు దాని పని అది చూసుకుంటుంది. మగడు దశరథం వీధి చివరి షెడ్డులో సాంచాలు నడుపుతాడు. పవర్‌లూమును అక్కడ సాంచా అంటారు. ఆ చప్పుడులో ఎలాగూ మాట వినబడదు కనుక ఆయనకు అది తగిన పనే. ఏ పెళ్ళిలోనైనా బంతిలో మొదటి ఆకు ముందు ఆయన్నే కూర్చోబెడతారు. ఎందుకని కొత్త కోడళ్ళు అడిగితే పెద్దవాళ్ళు యాదవ్వ వైపు చూసి నవ్వుతారు.

ఆ నవ్వు వెనక ఉన్న ముచ్చట డెబ్బై మూడు నాటిది.

దశరథం అసలు మిల్ట్రీకి పోయే రకం కాదు. మగ్గాలకు పని సన్నగిల్లిన రోజుల్లో నూలు తెస్తానని కరీంనగర్ పోయాడు. అక్కడ మైదానంలో పటాలానికి మనుషులను తీసుకుంటున్నారు. వరుస కనబడితే వెళ్ళి నిలబడ్డాడు. నూలు తెస్తాడనుకున్న కొడుకు పటాలంలో చేరివస్తే తల్లి కనకవ్వ నెత్తి బాదుకుంది. తండ్రి లేని పిల్లాడు, వెనక పెళ్ళి కావలసిన చెల్లె సుగుణ, ఇంట్లోకి వచ్చి ఏడాది తిరగని యాదవ్వ. "నెల నెల జీతమస్తది అవ్వా, మగ్గం మీద గా పైసలు కూడ రాకపాయె," అన్నాడు. కనకవ్వ ఏడ్చి, తిట్టి, చివరికి సకినాలు మూటగట్టి బస్సెక్కించింది.

ఒకసారి సెలవు మీద వచ్చి పోయాడు. ఆ తర్వాత చలికాలంలో పడమటి సరిహద్దున లడాయి మొదలైంది. యాదవ్వ ఆడపిల్లను కన్న నెలలోనే పటాలం నుంచి టెలిగ్రాం వచ్చింది. దశరథం కనబడటం లేదని అందులో ఉంది.

కనబడటం లేదంటే ఏమిటో వాడలో ఎవరికీ తెలియదు. మేక తప్పిపోతే కనబడటం లేదంటారు, మనిషిని అలా అంటే ఏం చేయాలి? కోడలి గాజులు తీయించాలా వద్దా అని ఆడవాళ్ళు కనకవ్వ చెవిలో గొణిగారు. బాలింత యాదవ్వకు అది వినబడనే వినబడింది. "కనవడ్తలేడన్నరు గని, లేడనలే కదా! నా గాజుల జోలికస్తే ఊకోను," అని నులక మంచం మీంచే అరిచింది. మాట పడని యాదవ్వ అన్న పేరు ఆ రోజు పుట్టింది.

ఆమె మొండితనానికి దేవుడు కూడా జంకినట్టున్నాడు. కొన్నాళ్ళకు ఒక కార్డు వచ్చింది. దశరథం బతికే ఉన్నాడు, అవతలి దేశంలో క్యాంపులో ఉన్నాడు. కార్డు చదివిన బడిపంతులు, "యుద్ధ ఖైదీగా ఉన్నడు," అన్నాడు. కనకవ్వ ఇంటింటికీ బెల్లం పంచింది. అయితే బెల్లం తిన్న నోళ్ళు ఊరికే ఉంటాయా? బతికి ఉన్నాడన్న మాట ఇంట్లోనే ఉండిపోయింది, ఖైదీ అన్న మాట వాడంతా తిరిగొచ్చింది.

ఏడాది తిరిగి చలికాలం మళ్ళీ వచ్చాక దశరథం ఇల్లు చేరాడు. బుగ్గలు లోపలికి పోయి, చొక్కా భుజాల మీద వేలాడుతూ బస్సు దిగాడు. కనకవ్వ ఎర్రనీళ్ళు తిప్పి దిష్టి తీసింది. యాదవ్వ చంకలోని బిడ్డ రుక్మిణి కొత్త మనిషిని చూసి గుక్కపట్టి ఏడ్చింది. "గా మనిషే నీ బాపు, ఊకో," అంటూ యాదవ్వ కూడా ఏడ్చింది. తన ఏడుపు సంతోషపు ఏడుపని అందరికీ చెప్పింది, నిజంగానే అది సంతోషమే.

కొద్ది రోజులకే యాదవ్వకు ఒక సంగతి తెలిసివచ్చింది. దశరథం రెండు చేతులూ కలిపి పైకెత్తడం లేదు. అంగీ వేసుకుంటే ఒక చేయి దూర్చి, అది దించాక రెండోది దూర్చుతాడు. అటక మీది గంప దించమంటే ఒంటి చేత్తో లాగి నెత్తిమీద పడేసుకున్నాడు. రుక్కు ఇప్పుడిప్పుడే నడుస్తోంది, తండ్రి దగ్గరికి పోయి చేతులు చాపితే ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు కానీ ఎత్తడు. దెబ్బ తగిలిందేమోనని యాదవ్వ నీళ్ళు పోసేటప్పుడు వీపంతా వెతికింది. ఎక్కడా మచ్చ లేదు.

ఈలోగా సుగుణకు నిర్మల్ ఊరి సంబంధం కుదిరింది. వాళ్ళూ నేతవాళ్ళే. అబ్బాయి నెమ్మదస్తుడు, కానీ తల్లి సక్కుబాయి గట్టి మనిషి. పెళ్ళి ఫాల్గుణంలో అనుకున్నాక ఆమె కబురు పంపింది. "పిల్ల నచ్చింది. గని పిల్ల అన్న జైలుకెళ్ళి వచ్చిండట కదా. మీ కులపోళ్లు కలుపుకున్నరా? కలుపుకోకుంటే మేము బంతిల కూసోం."

ఆ వాడలో అలాంటి కట్టుబాటు ఉన్న మాట నిజం. జైలుకు పోయి వచ్చినవాడు కులపెద్దల ముందు తప్పు కట్టాలి. తప్పు అంటే జరిమానా ఒక్కటే కాదు, బంగారు తీగ కాల్చి నాలుకకు తాకిస్తారు. అప్పుడు గుడి తీర్థం పోసి బంతిలోకి పిలుస్తారు. దొంగతనాలకూ కొట్లాటలకూ పోయినవాళ్ళ కోసం ఎప్పుడో పెట్టిన పద్ధతి. లడాయికి పోయి పట్టుబడ్డవాడు అంతకు ముందు ఆ వాడలో ఎవడూ లేడు కనుక అతణ్ణి ఏ లెక్కలో వేయాలో కులపెద్దలకు తోచలేదు. తాళం వేసిన గది, తలుపు దగ్గర తుపాకీ, పరాయివాడు పెట్టిన తిండి. జైలు కాకపోతే ఇంకేమిటన్నారు.

"నాలుక మీద రవ్వంత చురుకు కొడుకా, గంతే. చెల్లె పెండ్లి గడిచిపోతది," అంది కనకవ్వ.

"సరే అవ్వా," అన్నాడు దశరథం.

యాదవ్వకు ఒళ్ళు మండింది. అత్త మాటకు కాదు, ఆ "సరే"కు. దున్నపోతు కూడా కాడి మెడమీద పెడితే ఒకసారి తల విదిలిస్తుంది. ఈ మనిషి అది కూడా చేయలేదు.

మరునాడు కనకవ్వ పిలుపులకు పోయింది. దశరథం గుంటమగ్గంలో కాళ్ళు దించి నేస్తున్నాడు. యాదవ్వ చాట పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"ఒక మాట అడుగుత. దాచద్దు," అంది.

పోగుల మధ్య అటూ ఇటూ పరుగెడుతున్న నాడె ఆగింది.

"రెండు చేతులు ఎందుకు ఎత్తుతలేవ్?"

దశరథం తెగిన పడుగు పోగు ఒకటి ముడివేశాడు. "ఇసుక దిబ్బ చాటున ఉన్నం," అన్నాడు. "తూటాలు అయిపోయినయ్. వడిపోయినోళ్ల దగ్గరియి గూడ తీసుకొని కొట్టినం, అవ్విగూడ అయిపోయినయ్. సుబేదార్ సాబ్ చేతులెత్తుమన్నడు. ఎత్తిన. నా దోస్తులు ఇసుకల వడి ఉన్నరు. నేను చేతులెత్తి బతికిన. గా చేతులతోటి పోరిని ఎట్ల ఎత్తుకోవాలె యాదీ?"

యాదవ్వ ఏడ్చింది. ఏడుస్తూనే బీడీ చుట్టింది, చుట్టిన బీడీ తడిసిపోతే పారేసింది. కొంచెం తేరుకున్నాక, "మరి వాళ్లు ఏం నేరమని లోపలేసిండ్రు?" అని అడిగింది.

"నేరమేం కాదు. పేరు, నెంబరు, హోదా, పుట్టిన దినం, గింతే చెప్పాలె. ఇంకేమడిగినా చెప్పే పనిలేదు. అన్ని దేశాలోళ్లు గూడి రాసుకున్న కాయిదా, కట్టుబాటు అది. మల్ల తుపాకి వట్టకుంట ఆపిపెట్టుకునుడే గని, మనం నేరస్తులం కాము, మనకు సజ లేదు, శిక్ష లేదని సుబేదార్ సాబ్ మాకందరికి చెప్పిండు. కొట్టద్దు, తిండి వెట్టాలె, ఇంటికి కార్డు రాసుకోనియ్యాలె. లడాయి ఒడిసినంక పంపాలె. ఎర్ర సిలువ గుర్తు పెట్టుకున్న దొరలు అచ్చి మమ్ములను చూసి, అడిగి పోయేటోళ్లు."

"గట్లనే చేసిండ్రా మరి?"

"అందరు కాదు. ఒకడు చేయి చేసుకున్నడు. ఇంకొకడు చలికి వణుకుతుంటే ఎవలు చూడకుంట కంబలి పడేసి పోయిండు. మన దిక్కు మనుషుల లెక్కనే." దశరథం నాడెను వేళ్ళతో తిప్పాడు. "కాయిదా ఒప్పుకున్నది. నా మనసే ఒప్పుకుంటలేదు. నాలుక కాలిస్తే జర సల్లవడ్తదేమో."

యాదవ్వ చాట పక్కన పెట్టింది. మగడి దిగులంతా పెళ్ళి గురించే అనుకుంది ఇన్నాళ్ళూ. కాలిన నాలుక నాలుగు రోజుల్లో మానుతుంది. తప్పు కట్టి వస్తే మాత్రం, తాను తప్పు చేశానని ఈ మనిషి చచ్చేదాకా నమ్ముతాడు. రుక్కును ఇక ఎన్నటికీ ఎత్తుకోడు. కట్టనివ్వకూడదని ఆ క్షణానే అనుకుంది. కానీ కులపెద్ద ముందు ఏమని చెప్పాలి? ఎక్కడో దేశాలన్నీ కూర్చుని రాసుకున్న కాయిదా అంటే, "వాళ్లు మన కులపోళ్లా?" అంటాడాయన.

కులపెద్ద పర్శరాములు దశరథానికి పెద్దబాపు వరస. బుర్రమీసాలు, గట్టి గొంతు, మెత్తని మనసు. మనసు మెత్తదని బయటపడకుండా ఉండటానికే అంత గొంతు పెంచాడని యాదవ్వ అనుమానం. వయసులో ఉండగా ఆయన చెడుగుడు ఆటగాడు. ఒకసారి శివరాత్రి జాతరకు వేములవాడలో జగిత్యాల వాళ్ళతో ఆడారట. ఈయనను నలుగురు మీదపడి పట్టారట. ఔటై గీత బయట కూర్చుని, మళ్ళీ బతికి లోపలికొచ్చి ఆట గెలిపించాడట. ఈ ముచ్చట చెప్పకుండా ఆ వాడలో ఏ పెళ్ళీ జరగలేదు. మీదపడ్డవాళ్ళు మాత్రం పెళ్ళి పెళ్ళికీ ఒకరు పెరుగుతూ వచ్చారు.

కుల పంచాయితీ గుడి అరుగు మీద జరిగింది. దశరథం దూరంగా, కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పర్శరాములు గొంతు సవరించుకుని తప్పు సంగతి ఎత్తుకున్నాడు.

"మామా, నేనొక మాట అడగాలె," అంది స్తంభం పక్కనుంచి యాదవ్వ.

"ఆడదానికి పంచాయితీల మాటేంది?" అన్నాడొకడు.

అప్పుడు ఎవరూ అనుకోని పని జరిగింది. తప్పు కట్టేస్తే పోతుందని రోజూ సణిగే కనకవ్వ కోడలి పక్కకు వచ్చి నిలబడింది. "నా కోడలు మాట్లాడ్తది. నా కొడుకు పీనిగని మీరందరు గాజులు తీయిస్తమన్ననాడు బతికున్నడన్నది గిదొక్కతే," అంది. ఆడదానికి మాటేందన్నవాడు తలపాగా సర్దుకుని కూర్చున్నాడు.

"అడుగు కోడలా," అన్నాడు పర్శరాములు.

"వేములాడ జాతరల నువ్వు ఔటైనవ్ కదా మామా. జగిత్యాలోళ్లు నిన్ను పట్టుకున్నరు. మరి ఇంటికచ్చినంక నీకు తప్పు ఎవలేసిండ్రు?"

అరుగు మీద నవ్వులు లేచాయి. పర్శరాములు మీసం కదిలింది. "పిచ్చిదానా, ఆటల పట్టుబడితే తప్పేంది? గీత అవతల కూసుంటం. మనోళ్లు వాళ్లల్ల ఒకన్ని ఔట్ జేస్తే బతికినట్టు. లేచి వస్తం."

"కూసున్నప్పుడు కొడ్తరా?"

"ఎందుకు కొడ్తరు? ఆటకు కాయిదా లేదా?"

"లడాయికి గూడ ఉన్నది మామా. ఈయన పట్టుబడ్డడు, కూసోబెట్టిండ్రు. ఆట ఒడిసింది, పంపిండ్రు. దొంగతనం చేసినోన్ని జడ్జి ముందర నిలవెట్టి, నీ నేరం గిది, ఇన్నేండ్ల సజ అంటరు. ఈయనకు జడ్జి ఎవలు? నేరమేంది? సజ ఎన్నేండ్లు? లోపలున్నన్ని దినాలు గూడ మన సర్కారు ఈయనను నౌకరిల ఉన్నడనే అన్నది, జీతం నా చేతికే ఇచ్చింది. దొంగకు సర్కారు జీతమిస్తదా?"

పర్శరాములు కిందికి చూసి, "నువ్వేమంటవ్‌రా దశరథం?" అని అడిగాడు.

దశరథం తల ఎత్తలేదు. "ఇది చెప్పేదంత నిజమే పెద్దబాపు. గని నన్ను ఎవలు మీదవడి పట్టలే. నేనే చేతులెత్తిన. తూటాలు అయిపోయినయ్, ఎత్తిన."

యాదవ్వ కళ్ళు మూసుకుంది. అంతా గెలిచి ఆఖరి మాటకు ఓడిపోయామనుకుంది. పర్శరాములు ముఖంలో నవ్వు పోయింది. ఆయన కండువా తీసి దులిపి, మళ్ళీ వేసుకున్నాడు. "పెండ్లినాడు చెప్త," అని ఒక్క మాట అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పెళ్ళి దాకా యాదవ్వ తిన్న తిండి ఒంటికి పట్టలేదు. బంగారు తీగ కంసాలి ఇంట్లో సిద్ధంగా ఉందని ఒకరంటే, పర్శరాములు ఎవరితోనూ మాట్లాడటం లేదని ఇంకొకరన్నారు.

పెళ్ళిరోజు వచ్చింది. వాకిట్లో పందిరి, పందిరి నిండా మామిడాకులు, రంగుకాగితాల చిలుకలు. తాళి కట్టడం అయింది. బంతి వేశారు. పర్శరాములు మొదటి ఆకు పక్కన కూర్చున్నాడు, మొదటి ఆకు ముందు ఎవరూ లేరు. అవతల ఆడవాళ్ళ బంతిలో సక్కుబాయి మెడ చాచి చూస్తోంది. దశరథం పందిరి బయట నీళ్ళ గోలెం దగ్గర చతికిలబడి ఉన్నాడు. పిలవలేదు కనుక లోపలికి రాలేదు. అన్నం వడ్డించడం అయిపోయింది. పర్శరాములు చేయి పెట్టలేదు కనుక ఎవరూ పెట్టలేదు.

"వేములాడల నన్ను నలుగురు మీదవడి పట్టిండ్రని చెప్తుంట కదా," అన్నాడాయన ఉన్నట్టుండి, అందరికీ వినబడేలా.

"ఐదుగురు కాదా?" అన్నాడెవడో చివర నుంచి.

"ఒక్కడు గూడ లేడురా. కూత అయిపోయింది. వాళ్ల బరిల నడిమిట్ల నా ఊపిరి ఆగింది. ఎవడు తాకకముందే నేనే నిలవడ్డ. ఇన్నేండ్ల నుంచి మీకు అబద్ధం చెప్తున్న. ఊపిరి అయిపోయినోడు ఏం చేస్తడు? నిలవడ్తడు."

ఆయన పంచె ఎగ్గట్టి లేచాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. పందిరి దాటి నీళ్ళ గోలెం దగ్గరికి నడిచాడు. దశరథం నాలుక కాల్పించుకోవడానికే అనుకుని ముఖం పైకెత్తాడు. పర్శరాములు వంగి అతని వీపు మీద అరచేత్తో ఛెళ్ళున చరిచాడు.

"బతికినవ్‌రా! నాకు కూత అయిపోయింది, నీకు తూటాలు అయిపోయినయ్. లే. లోపలికి రా."

ఆ వాడలో చిన్నప్పుడు చెడుగుడు ఆడని మగవాడు లేడు. ఔటై గీత బయట కూర్చున్నవాడిని తనవాళ్ళు ఎలా పిలుస్తారో అందరికీ తెలుసు. "బతికిండు! బతికిండు!" అని బంతి బంతంతా ఒక్కసారిగా అరిచింది. దశరథం లేవబోయి లేవలేక, పర్శరాములు కాళ్ళు పట్టుకుని, పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన రెక్క పట్టి లేపి తెచ్చి మొదటి ఆకు ముందు కూర్చోబెట్టాడు.

అందరి చూపులూ సక్కుబాయి మీదికి తిరిగాయి. ఆమె కొంగు సర్దుకుంది. "బరా, బరా, మంచిదే. ఇగ పప్పు వడ్డియ్యుండ్రి, బువ్వ చల్లారవట్టె," అంది.

యాదవ్వే పప్పు గిన్నె పట్టుకుని వచ్చింది. మగడి ఆకులో పోసి, పర్శరాములు ఆకు మీదికి గరిటె వంచింది. అప్పుడే రుక్కు తప్పటడుగులు వేసుకుంటూ బంతి వెంట వచ్చి తండ్రి ముందు ఆగింది. పందిరికి వేలాడుతున్న కాగితం చిలుకను చూపించి, అది కావాలని రెండు చేతులూ పైకి చాచింది. దశరథం ఇంకా ముద్ద కలపలేదు. బిడ్డ చేతులకేసి చూశాడు. ఆకు ముందునుంచి లేచి నిలబడ్డాడు. రుక్కు నడుము పట్టుకుని, రెండు చేతులతో తలకంటే పైకి, చిలుక దాకా ఎత్తాడు.

పప్పు ఆకు దాటి పర్శరాములు పంచె మీదికి కారింది. "ఎటు చూస్తున్నవ్ కోడలా!" అని ఆయన అరిచాడు. ఆమె చూస్తున్న వైపే ఆయన కూడా చూసి, పంచె తుడుచుకోవడం మరిచిపోయాడు.